హాఫ్‌గాడు

ధాన్యం లారీ ఏటిగట్టు ఎక్కబోతుంటే ఒక ఖాకీ చొక్కా అడ్డొచ్చింది.

ముందు సీట్లో ఉన్న గున్నేశ్వరరావు ఎస్సైగారే అనుకుని నవ్వుమొహం పెట్టాడు. నమస్కారానికి చేతులు కూడా లేచాయి.

అద్దం మీద వాననీళ్ళు తుడిచి చూస్తే నడుముకి తుపాకీ లేదు, నెత్తిన టోపీ లేదు. చేతిలో వెదురుకర్ర, మెడలో ఈల. భుజం మీద ఎర్రదారంతో కుట్టిన రెండు ఇంగ్లీషు అక్షరాలు.

లేచిన చేతులు మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయాయి.

“హోంగార్డుగాడ్రా,” అన్నాడు డ్రైవరు వెంకన్నతో. “హారను కొట్టు.”

వెంకన్న కొట్టాడు. ఆ మనిషి కదల్లేదు. కిటికీ దగ్గరకొచ్చి తలెత్తాడు.

“లారీలు ఎక్కకూడదండి. గట్టు నానిపోయిందండి. నిన్న చాటింపు వేశారు కదండి.”

చాటింపు గున్నేశ్వరరావూ విన్నాడు. మండపేటలో రైసుమిల్లున్న మనిషికి కూడా చాటింపులు వర్తిస్తాయని ఆయనకెవరూ ఇంతవరకూ చెప్పలేదు.

గట్టు కింద పల్లంలో ఆయన గోడౌను. ధర పెరుగుతుందని దాళ్వా పంట ధాన్యమంతా అందులో దాచాడు. ఇప్పుడు వాననీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. పొలాల దారి మునిగింది. మిగిలింది గట్టు దారి ఒక్కటే. గట్టుకి అవతల గోదారి భుజాలు రాసుకుని పోతోంది. ఇవతల, గోదారి కంటే కిందుగా, ఊరు.

“ఏంటయ్యా, నన్నెరగవా?”

“ఎరుగుదునండి.”

“మరి?”

“లోడుకి ఆగదండి. ఓసారి దిగి చూడండి, కాలేస్తేనే దిగబడిపోతుంది.”

“నన్ను బురదలో కాలెట్టి చూడమంటున్నాడ్రోయ్.”

వెనక బస్తాల మీద కూర్చున్న ముఠా కూలీలు నవ్వారు. షావుకారు మాటకి నవ్వడం కూడా కూలిలో భాగమే.

“నీ భుజం మీద ఆ హెచ్చు, జీ అంటే ఏంటో తెలుసా?”

“హోంగార్డండి.”

“కాదు. హాఫ్ గాడు. సగం పోలీసు, సగం పాలేరు. పుష్కరాల్లో చెప్పుల దగ్గర కాపలా, తీర్థంలో జనాన్ని తొయ్యడం. నీకు కోపమొస్తే ఏం చేస్తావు? ఈల ఊదుతావు. మిమ్మల్ని నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే.”

ఆ మనిషి కర్ర అడ్డంగా పట్టుకుని లారీ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

“ఎస్సైగారికి ఒక్క ఫోను కొట్టానంటే సాయంత్రానికి నీ ఉద్యోగం ఉండదు.”

“తీసేస్తే తీసేశారు లెండి. లారీ మాత్రం ఎక్కదండి.”

తుపాకీ ఉన్నవాడు ఆ మాటంటే గున్నేశ్వరరావు లారీని వెనక్కి తిప్పించేవాడు, పైగా టీ కూడా తెప్పించేవాడు. కర్ర ఉన్నవాడు అన్నాడు గనక ఒళ్ళు మండింది.

“బుల్లిరాజూ, వాణ్ణి తీసి పక్కన పెట్టండ్రా.”

ముఠా మేస్త్రి బుల్లిరాజు, ఇంకో ఇద్దరు దిగారు. బస్తా ఎత్తినట్టే ఎత్తారు. బస్తా కంటే తేలికే. గట్టు వాలులో గడ్డి మీద కూలేసి, కర్ర లాక్కుని గోదారిలోకి విసిరేశారు.

“కూర్చోండి హాఫ్‌గారూ,” అన్నాడు బుల్లిరాజు, “చల్లగా ఉంటది.”

లారీ గట్టెక్కింది.

కొంతదూరం బాగానే పోయింది. రేవు మలుపులో వెనకచక్రం దిగబడింది. వెంకన్న బలంగా తొక్కాడు. చక్రం ఇంకా దిగింది. గట్టు అన్నంముద్దలా విడిపోయింది. లారీ పల్లం వైపు ఒరిగింది. ఆ సందులోంచి గోదారి ముందు సన్నగా, తర్వాత లావుగా, ఊళ్ళోకి దిగడం మొదలెట్టింది.

వెంకన్న దూకేశాడు. ముఠా చెల్లాచెదురైంది. గున్నేశ్వరరావు చెప్పులొదిలేసి అందరికంటే ముందు పరిగెత్తాడు.

వెనకాల ఈల మోగుతూనే ఉంది. అది గట్టు దిగి ఊళ్ళో పేటలోకి పోవడం, ఇంటింటి ముందూ ఆగి ఆగి మోగడం ఆయనకి వినబడింది గానీ తిరిగి చూడలేదు.

మర్నాడు హైస్కూలు మేడ మీద ఊరంతా ఉంది. దారులన్నీ నీళ్ళే కావడంతో గున్నేశ్వరరావూ అక్కడే చిక్కుకున్నాడు. ఇళ్ళు పోయాయి, పశువులు పోయాయి, ఊళ్ళోవాళ్ళు మాత్రం ఒక్కరూ పోలేదని చెప్పుకుంటున్నారు. పడవలో పులిహోర పొట్లాలు తెచ్చిన ఎస్సైని ఆయన పట్టుకున్నాడు.

“మీ హోంగార్డు మీద రిపోర్టు రాయండి ముందు. లారీ పోయింది, ధాన్యం పోయింది. అంతా వాడి మూలానే.”

“ఏం చేశాడండి?”

“ఏమీ చెయ్యలేదనే కదా నేననేది. ఎత్తి పక్కన పెడితే కూర్చునేవాడు పోలీసేంటండి? గట్టిగా అడ్డుపడుంటే నేను ఆగేవాణ్ణి కాదా?”

ఎస్సై ఆయన చేతిలో పులిహోర ముద్ద వైపు చూశాడు.

“పొద్దున దొరికాడండి. కొబ్బరితోటలో, చెట్ల మధ్య. పేటలో మంచంపట్టిన ముసలమ్మని ఈ మెట్ల దాకా మోసుకొచ్చి, ఇంకెవరైనా ఉండిపోయారేమోనని మళ్ళీ వెళ్ళాడట.”

గున్నేశ్వరరావు చేతిలో ముద్ద పొట్లంలోనే పెట్టేశాడు.

“అయ్యో పాపం. పోనీలెండి, డ్యూటీలో పోయాడు. ఇంట్లోవాళ్ళకి గవర్నమెంటు ఏదో ఒకటి ఇస్తుంది. కలెక్టరాఫీసులో నేనూ ఓ మాట చెబుతాను.”

“ఏమీ రాదండి,” అన్నాడు ఎస్సై. “వయసు దాటిందని సత్తియ్యగారిని ఉగాదికే తీసేశాం, ఆ గట్టు మీద ఆయనకి ఎవరూ డ్యూటీ వెయ్యలేదు.”