అగ్గిపెట్టె తాత

“బాబూ, అగ్గిపెట్టె ఉందా?”

బారులోకి అడుగుపెట్టగానే పెద్దాయన అడిగే మొదటి మాట అదే.

ఎవరో ఒకరు ఇచ్చేవారు. ఆయన నోట్లో సిగరెట్టు పెట్టుకుని, పుల్ల గీయకుండానే ఏదో కబురు ఎత్తుకునేవాడు. కబురు అయ్యేసరికి అగ్గిపెట్టె ఆయన జేబులో ఉండేది.

అడిగితే, “ఇచ్చాననుకున్నానే” అంటూ తెల్లగడ్డం నిమురుకునేవాడు.

అలా ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, సాయంత్రం ఆరయ్యేసరికి బారంతా నిప్పనేది లేకుండా చేసేవాడు.

ఏడాదిగా ఇదే తంతు. కౌంటరుకు దారంతో కట్టిపెట్టిన లైటరు కూడా దారంతో సహా మాయమైంది. పాపం మతిమరుపు మనిషి అని నవ్వుకుని, అగ్గిపెట్టె తాత అని పేరు పెట్టేశారు. నిప్పు కోసం రోడ్డు అవతలి కొట్టుకు వెళ్ళినవాళ్ళు, ఎలాగూ వచ్చాం కదా అని అక్కడే నిలబడి కాల్చేసి వచ్చేవారు.

“ఈ తాత మన బేరాన్ని రోడ్డు మీదికి తోలేస్తున్నాడు” అని బారు ఓనరు విసుక్కునేవాడు.

“పోనిద్దురూ. ఇంత నిమ్మరసం తాగి వెళ్ళే మనిషి” అనేది కౌంటరులో కూర్చునే అతని భార్య.

వచ్చేవాళ్ళందరికీ ఆమె వదిన. తాతకు మాత్రం అమ్మాయి.

“అమ్మాయీ, దగ్గెలా ఉంది?”

“ఈ వారం నయమే తాతా.”

ఆ మాట వింటే తాత ముఖం వెలిగిపోయేది.

ఆ రోజుల్లోనే బార్లలో పొగ తాగడం మాన్పించాలని మునిసిపాలిటీలో తీర్మానం పెట్టారు. ఊరంతా రెండుగా చీలి వాదించుకుంది. ఓనరు తీర్మానం వద్దంటూ సంతకాలు పోగుచేయసాగాడు. పొగ లేకపోతే బారుకు మనిషి రాడని అతని భయం. బారు తప్ప అతనికి ఇంకో పని చేతకాదు.

“డాక్టరు నన్ను పొగలో కూర్చోవద్దన్నాడండీ” అంది వదిన.

“నువ్వు కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు? మా అమ్మ ఇదే కౌంటరులో ఇరవై ఏళ్ళు కూర్చోలేదా?”

సిగరెట్టు ముట్టని ఆ అత్తగారు ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. ఆ సంగతి వదిన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఓనరు సంతకాల కాగితం తాత ముందు కూడా పెట్టాడు.

“ఒక గీత గీకు తాతా. నువ్వూ మావాడివేగా.”

“ఇలాంటి వాటిలో ఒకసారి తలదూర్చి బుద్ధి తెచ్చుకున్నాను బాబూ. ఇక నావల్ల కాదు.”

ఓనరుకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే కౌంటరు మీద ఉండాల్సిన ఇత్తడి లైటరు లేదని చూసుకున్నాడు. అది అతని తండ్రి వాడింది.

“మళ్ళీ నీ పనేనా?”

“ఇంటికెళ్ళి వెతుకుతాను బాబూ.”

“వెతకనూ వద్దు, మళ్ళీ ఇటు రానూ వద్దు. దొంగతనానికి మతిమరుపని పేరొకటి.”

తాత గ్లాసు పక్కకు జరిపి లేచాడు.

“వెనక కిటికీ తెరిచి ఉంచుకో అమ్మాయీ” అని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి అగ్గిపెట్టెలు ఎవరి జేబుల్లో వాళ్ళకు ఉన్నాయి. మూడు వారాల్లో వదిన దగ్గు ముదిరింది.

తీర్మానం మీద ఓటింగు జరిగే రోజు ఉదయం, ఒకావిడ అట్టపెట్టె మోసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది.

“మా నాన్న పోయి పది రోజులైందండీ. ఇవి ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమన్నారు.”

పెట్టె నిండా అగ్గిపెట్టెలు, లైటర్లు. ఒక్కోదానికి ఒక్కో చీటీ. గళ్ళచొక్కా ఆయనది. నత్తి అబ్బాయిది. కిటికీ పక్క బట్టతల ఆయనది, మంగళవారం.

“ఇన్ని పెట్టుకుని రోజూ మమ్మల్ని ఎందుకు అడిగేవాడమ్మా? తన ఒక్క సిగరెట్టుకు ఎంత నిప్పు కావాలి?” అన్నాడు ఓనరు.

“ఆయన జన్మలో సిగరెట్టు కాల్చలేదండీ.”

ఆవిడ వెళ్ళిపోయాక ఓనరు పెట్టె అడుగున ఇత్తడి లైటరు చూశాడు. దాని చీటీ మిగతావాటికంటే పెద్దది. ‘ఓనరు బాబుది. వాళ్ళ నాన్న దీన్ని ఎంతో అపురూపంగా చూసుకునేవాడు. అమ్మాయి దగ్గు తగ్గాక ఇచ్చేయాలి.’

“మా నాన్న ఈయనకు ఎలా తెలుసు?” అన్నాడు ఓనరు.

వదినకు ఏడుపూ దగ్గూ కలిసి వచ్చాయి. అతను గబగబా వెళ్ళి వెనక కిటికీ తెరిచాడు.

మధ్యాహ్నం మునిసిపల్ హాలులో ఓనరును మాట్లాడమని పిలిచారు. అతను సంతకాల కాగితం తీసి, చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మా ఆవిడకు దగ్గండీ” అన్నాడు. “పొగ మాన్పించండి.”

వచ్చి కూర్చుంటే పక్కనున్న ముసలి గుమాస్తా అతని భుజం తట్టాడు.

“పదిహేనేళ్ళ కిందట మీ నాన్నగారూ అక్కడే నిలబడి మాట్లాడారు బాబూ. పొగ ఉంచమని. మీరప్పుడు ఈ ఊళ్ళో లేరు. ఓట్లు చెరిసగం అయ్యాయి. మీ నాన్నగారి మీద జాలిపడి చైర్మన్ గారు తన ఓటు పొగకు వేశారు. తర్వాత మీ అమ్మగారు పోయిన మర్నాడే రాజీనామా చేసి వెళ్ళిపోయారు.”

“ఎవరా చైర్మను?”

గుమాస్తా చూపించిన గోడమీది ఫోటోలో, గడ్డం లేకుండా, అగ్గిపెట్టె తాత ఉన్నాడు.