కిటికీ పక్క మంచం

“అప్పుడే దరఖాస్తా? గడువు బోలెడుంది. ఆ ఫోను పక్కన పడేసి ఫ్యాను వెయ్యి,” అంది పెద్దది, కిటికీ పక్క మంచం మీద దొర్లుతూ.

“కాలేజీవాళ్లు ఇవాళే మొదలుపెట్టారక్కా. నీదీ పెట్టెయ్యనా?”

“నా సంగతి నేను చూసుకుంటాలే. అక్కని నేను. ముందు ఫ్యాను వెయ్యి.”

చిన్నది లేచి ఫ్యాను వేసింది. ఇద్దరూ కవలలు. పెద్దది కాస్త ముందుగా భూమ్మీద పడింది, అంతే తేడా. ఆ కాస్తకే కిటికీ మంచం దానిదైంది. మొదటి స్నానం దానిది. మంచినీళ్లు తెచ్చే పని చిన్నదానిది. అక్కా అనకుండా పేరు పెట్టి పిలిస్తే వీపు మోగుతుంది.

“ఇంకెన్నాళ్లే ఈ పెత్తనం?” అంది చిన్నది.

“చచ్చేదాకా. ముందొచ్చినదాన్ని నేను.”

కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి దారం కొరుకుతూ నవ్వింది. డ్యూటీకి బయల్దేరుతున్న తండ్రి ఖాకీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ, “కాలేజీ కూడా నా బస్సు లాంటిదేనే. ముందొచ్చినవాడికి సీటు, ఆఖర్న పరుగెత్తుకొచ్చినవాడికి కడ్డీ,” అన్నాడు.

“పరుగెత్తయినా ఎక్కుతాలే నాన్నా,” అంది పెద్దది.

ఎక్కింది కూడా. ఆఖరిరోజు అందరితోపాటు ఎగబడి, చెమటలు కక్కి, ఎలాగో దరఖాస్తు పెట్టింది. చిన్నదానికి అడిగిన కోర్సు వచ్చింది, ఫీజులో తగ్గింపు వచ్చింది, హాస్టల్లో నచ్చిన గది దొరికింది. మొదటి బ్యాచిలో చేరి వెళ్లిపోయింది. పెద్దదానికీ అదే కోర్సు ఇచ్చారు. కాకపోతే మొదటి బ్యాచి నిండిపోయింది, ఆర్నెల్లాగి రెండో బ్యాచిలో రమ్మన్నారు.

“మరీ మంచిది. అందాకా గదంతా నాదే,” అని కాళ్లు బారజాపింది పెద్దది.

ఆర్నెల్లూ గడిచాయి. పెద్దది పెట్టె ఈడ్చుకుంటూ హాస్టలు మెట్లెక్కింది. చిన్నది ఎదురొచ్చి, పెట్టె అందుకుని తన గదికి తీసుకెళ్లింది. గదిలో రెండు మంచాలు. కిటికీ పక్కదాని మీద చిన్నదాని దుప్పటి ఉంది.

“తియ్యవే దుప్పటి. కిటికీ ఎవరిదో మర్చిపోయావా?”

చిన్నది దుప్పటి తీసి, దులిపి, గోడవైపు మంచం మీద పరుచుకుంది. పెద్ద గొడవవుతుందని నడుం బిగించుకుని వచ్చిన పెద్దది తెల్లబోయింది.

“అదేంటే, అడగ్గానే ఇచ్చేశావు?”

“మంచానికేముంది, ఉంచుకో,” అంది చిన్నది, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటూ. “ఆ ‘ఏంటే’ మాత్రం ఇక్కడ కుదరదు. నువ్వు నాకు జూనియర్‌వి. ఈ హాస్టల్లో సీనియర్లని ‘అక్కా’ అనాలి. ఏదీ, ఒకసారి అను. అని, ఆ ఫ్యాను వెయ్యి.”