ముందు ఎవరు పంపాలి?

"మేడమ్ గారిని అడుగు తమ్మీ, పంపిన మెయిల్‌ను మళ్ళ వాపస్ గుంజుకునే సౌలత్ కావాల్నా, వద్దా?" అన్నాడు నరహరి.

ఆ మేడమ్ గారేమీ ఊరవతల లేరు. నరహరి కుర్చీ వెనకాలే, ప్లైవుడ్ గోడకు అవతలి పక్క కూర్చుని ఉన్నారు. ఆ గోడ కూడా తల ఎత్తు దాకానే. ఆమె గాజుల చప్పుడు ఇవతలికి, ఈయన దగ్గు అవతలికి శుభ్రంగా వినబడుతున్నాయి. అయినా కంప్యూటర్ షాపు కుర్రాడు నవీన్ లేచి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి అడిగాడు.

"వద్దే వద్దు," అంది సుమిత్ర. "పంపినంక పంపినట్టే. నోరు జారిన మాట వాపస్ వస్తదా? గదే గా సార్‌కు చెప్పు."

నవీన్ మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఇన్న, ఇన్న," అన్నాడు నరహరి. "నాకు గూడ సమ్మతమే అని చెప్పిరా."

సిద్దిపేటలో డ్రిప్పు పైపులు అమ్మే ఆ చిన్న ఆఫీసు పేరు మైత్రి ఎంటర్‌ప్రైజెస్. బోర్డు మీద ఉన్న మైత్రి గడప దాటి లోపలికి రాలేదు. నరహరి, సుమిత్ర అందులో సమాన భాగస్వాములనీ, కొన్నాళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవనీ, ఆఫీసు నడవాలంటే పైసా ఖర్చులేని మెయిల్ సర్వర్ పెట్టాలనీ షాదాబ్ భాయ్ ముందే చెప్పి పంపాడు. నవీన్ పనిచేసే కంప్యూటర్ షాపు ఆయనదే.

"గిది నువ్వొక్కనివే చేసిరా. ఇద్దరూ ఖుష్ అయితె సిద్దిపేట పనంత నీకే. లేకుంటె మళ్ళ జగదేవ్‌పూర్‌ల జిరాక్స్ మిషినే," అన్నాడు షాదాబ్ భాయ్.

ఆ జిరాక్స్ మిషిన్ తలుచుకుంటేనే నవీన్‌కు ఒళ్ళు మండుతుంది. రోజంతా ఆధార్ కార్డులకు నకళ్ళు తీసీ తీసీ విసిగిపోయి ఉన్నాడు. ఎలాగైనా ఈ పనిలో గెలిచి తీరాలి.

మొదట లోకమంతా వాడే ఉచిత మెయిల్ చూపించాడు.

"మన ముచ్చట్లు పరాయోళ్ళ కంప్యూటర్ల ఎందుకుండాలె? రేపు సాక్ష్యం కావాల్నంటె ఎవల కాళ్ళు మొక్కాలె?" అంది సుమిత్ర.

రెండోది ఐదుగురి దాకా ఉచితం.

"ఉన్నది ఇద్దరం. మిగిలిన మూడు ఉత్తగ పోవుడే గదా?" అన్నాడు నరహరి. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడే రకం.

మూడోది, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లోనే ఎక్కించుకునేది. ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, మెయిళ్ళన్నీ ఆఫీసులోనే ఉంటాయి. ఇది ఇద్దరికీ నచ్చింది. గోడకు చెరో పక్క నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఎవలు ముందు పంపిన్రో టైం పక్కా పడ్తదా?" అన్నాడు నరహరి.

"సెకండ్లతో సహా పడ్తది సార్."

"పంపినోళ్ళు తుడిపేస్తెనో?" అంది సుమిత్ర.

"సర్వర్ల ఇంకో నకలు భద్రంగ ఉంటది మేడమ్."

చెప్పాడే గానీ నవీన్ గుండెల్లో రాయి పడింది. సాక్ష్యమట, టైమట, నకలట! వీళ్ళు కోర్టుకెక్కడం ఖాయం. ఆఫీసు రెండు ముక్కలవుతుంది. సర్వర్ పెట్టినందుకు తనను బోనెక్కించి ప్రమాణం చేయిస్తారు. పెట్టకపోతే జిరాక్స్ మిషిన్. పాపం, అడకత్తెరలో పోకచెక్కయ్యాడు.

మధ్యాహ్నానికి సర్వర్ సిద్ధమైంది. ఇక ఒకరు మెయిల్ పంపి, ఇంకొకరు అందుకుంటే పని అయిపోయినట్టే.

"సార్, ఒక్క మెయిల్ కొట్టున్రి."

"ముందు మేడమ్ గారిని కొట్టమను."

నవీన్ చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"ముందు సారే కొట్టాలె. పెద్దమనిషి గదా," అంది సుమిత్ర.

"గా పెద్దరికం నాకేమొద్దు!" అని గోడ అవతల నుంచి నరహరి కేక వేశాడు. వెంటనే గాభరాపడి, "నవీన్ తమ్మీ, నేను నీకే చెప్తున్న, ఇంకెవలకు గాదు!" అన్నాడు.

"పోనీ, మీ ఇద్దరి తరఫున నేనే కొడ్త," అన్నాడు నవీన్.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో అన్నది ఆ ఒక్క మాటే.

సాయంత్రం షాదాబ్ భాయ్ ఫోన్ చేశాడు. "అయిందా లేదా? మెయిల్ పోయినట్టు ఫోటో తీసి పెట్టు. లేకుంటె రేపు పొద్దుగాల జగదేవ్‌పూర్ బస్సెక్కు."

నవీన్‌కు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి నరహరి ముందు నిలబడ్డాడు.

"సార్, మీ పంచాయితి మీరు చూస్కోన్రి. నడుమ నా నౌకరి పోతది సార్. ఒక్క అక్షరం కొట్టున్రి. మీకు దండం పెడ్త."

నరహరి వాడి ముఖం చూశాడు. గోడ వైపు చూశాడు. అవతల గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయనకు పిల్లవాడి మీద నిజంగానే జాలి వేసింది.

"నా కొంప ముంచినవ్ గదరా," అని గొణిగి, ఒక్క వేలితో 'నమస్తే' అని కొట్టి, కళ్ళు మూసుకుని పంపేశాడు.

గోడ అవతల కుర్చీ దభాలున వెనక్కి పడింది. అయిపోయింది, సాక్ష్యం దొరికిపోయింది అనుకున్నాడు నవీన్. ఇంతలో నరహరి కంప్యూటర్ టింగుమంది. సుమిత్ర జవాబు పంపింది. ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తిన నవీన్, తెర మీద ఉన్నది చదివాడు.

"పందెం ఓడినవ్ మొగుడా, ఇయ్యాల్టి సంది వంట నీదే."