గాలి బాబాయ్

"కదిలిందా?"

"కదుల్తుంది మేడం."

నర్సు ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి.

ఆమె కారుకి టైమింగ్ బెల్టు మార్చాలి. అంతకుముందు ఇంజిన్ చివరనున్న క్రాంక్ పుల్లీ చక్రాన్ని విప్పాలి. దాన్ని పట్టి ఉంచింది ఒకే ఒక్క బోల్టు. అది తాతలు దిగొచ్చినా రానంటోంది.

మెకానిక్ పానాకి పైపు తొడిగి, దాని మీదెక్కి ఊగాడు. పైపు వంగింది. పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి.

పదకొండేళ్ళ షెడ్డు అది. అక్కడ బాగైన బండి మళ్ళీ అదే జబ్బుతో రాదని పేరు. ఆ పేరు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

"ఏంటి మేస్త్రీ, కొత్తల్లుణ్ణి బతిమాలినట్టు బతిమాలుతున్నావు?"

గేటు దగ్గర గాలి బాబాయ్! పక్కనే రేకుల డబ్బాలో కూర్చుని టైర్లకి గాలి కొడతాడు. అతని అసలు పేరేమిటో మెకానిక్ ఏనాడూ అడగలేదు.

"నీ పని నువ్వు చూసుకో బాబాయ్."

"ఇది కండకి లొంగే రకం కాదు. ఇంజిన్ చేతే విప్పించాలి."

అంటూనే లోపలికొచ్చేశాడు. ఇంజిన్ పూర్తిగా స్టార్టవకుండా ఫ్యూజు పీకాడు. బోల్టుకి పొడుగు పానా తగిలించి, దాని రెండో కొసని కారు అడుగునున్న ఇనుప కమ్మీకి ఆనించాడు.

"జరగండి, జరగండి!"

తాళంచెవి అలా తిప్పి ఇలా వదిలాడు. ఇంజిన్ ఒక్క విసురు తిరిగింది, పానా మాత్రం కమ్మీకి ఆని కదల్లేదు.

ఫట్!

బోల్టు వదులైంది.

"ముందే ఈయన్ని పిలవకుండా ఇంతసేపు ఎందుకండీ ఆ కుస్తీ!" నర్సు పకపకా నవ్వింది.

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆమె అటు వెళ్ళగానే బాబాయ్ గొంతు తగ్గించాడు. "విప్పడానికైతే కిటుకు చాలు. బిగించేటప్పుడు అది కుదరదు మేస్త్రీ. పుల్లీ తిరక్కుండా పట్టుకుని, టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారం, అది టిక్కుమనేదాకా..."

"గాలి కొట్టేవాడివి, నాకు బిగించడం నేర్పుతావా? నడు బయటికి!"

బాబాయ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అయినా మెకానిక్ అక్కసు చల్లారలేదు. స్థలం ఓనరుకి ఫోన్ చేశాడు.

"సార్, ఆ గాలి డబ్బా నా బళ్ళకి అడ్డమొస్తోంది. ఇక్కడ ఉంటే అతనుండాలి, లేదా నేనుండాలి."

అది పచ్చి అబద్ధం. ఆ డబ్బా ఏ రోజూ ఏ బండికీ అడ్డు రాలేదు.

మర్నాడు పొద్దున్నే డబ్బా ట్రాలీ ఎక్కింది. మెకానిక్ అప్పుడే పుల్లీ బిగిస్తున్నాడు. బోల్టుతో పాటు ఇంజిన్ కూడా తిరిగిపోతోంది. కొంత బిగిసింది. 'చాల్లే' అనుకున్నాడు.

"వస్తా మేస్త్రీ" అన్న మాట వినపడింది.

తలెత్తలేదు.

నర్సు తీసుకెళ్ళిన మూడో రోజు ఆ కారు లారీ వెనక తాడుకి కట్టుకుని వచ్చింది. నర్సు దిగింది.

"వంతెన మీద స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. పిట్టగోడకి జానెడు దూరంలో ఆగాం. వెనక సీట్లో మా అమ్మ కూడా ఉంది."

మెకానిక్ వంగి చూశాడు. పుల్లీ ఊడి, స్టీరింగ్‌కి బలమిచ్చే బెల్టుకి వేలాడుతోంది. బోల్టు జాడే లేదు.

"తప్పు నాదే మేడం" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు.

ఆమె గేటు వైపు చూసింది. "గాలి బాబాయ్ ఏడీ?"

"వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"తెలీదు." తానే పంపించేశానని చెప్పలేదు.

"అదీ సంగతి! మీ దగ్గర బండి తీసుకున్నప్పుడల్లా గేటు అవతల ఆపేవాడు. గాలి చూస్తానంటూ టార్క్ రెంచ్ పట్టుకుని కిందకి దూరేవాడు. మీరు విప్పినవన్నీ టిక్కుమనేదాకా బిగించేవాడు. నా ఒక్కదాని బండే కాదు, అందరివీ. మొన్న కనపడకపోతే సెలవేమో అనుకున్నాను."

మెకానిక్ కళ్ళు నేలలోకి దిగిపోయాయి.

"'మా మేస్త్రీ చెయ్యి బంగారం తల్లీ, కాస్త తొందరెక్కువ, అంతే' అనేవాడు పాపం."

అతను బోల్టు లేని కంత మీద పెట్టిన వేలు తియ్యలేదు. ఆమెకి అర్థం కాలేదు.

"అదేంటండీ అలా ఉండిపోయారు? ఆఖరి బిగింపు కోసమని మీరు పెట్టుకున్న మనిషే కదా ఆయన?"