తాళం లేని పుస్తకం

భార్య మళ్లీ నవ్వింది. అతన్ని చూసి కాదు. చేతిలో ఉన్న, పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్‌ని చూసి.

"ఏం రాశాడేమిటి, అంత ముసిముసి నవ్వులు?" అన్నాడు మంచం మీద నుంచి.

"ఎవరు?" అంటూనే తెర కనపడకుండా దాన్ని గుండెకు ఆనించుకుంది.

పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయి రెండేళ్లయింది. ఇంట్లో కూర్చున్న మనిషికి అనుమానమే ఉద్యోగం. ఆదివారం కూడా సెలవుండదు.

పాత ఈ-రీడర్ బాగానే ఉండేది. దాన్ని అమ్మించి దీన్ని కొనిపించినవాడు రిపేరు షాపువాడు. "అది కంపెనీ తాళం వేసిన మిషనక్కా. వాళ్లిచ్చిన అక్షరాల్లోనే చదవాలి. దీనికి తాళం లేదు. లోపల ఏం పెట్టుకున్నా మనిష్టం" అన్నాడట.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆ షాపుకే ప్రయాణం. 'అక్కా' అన్న పిలుపు అతనికేమీ ఊరటనివ్వలేదు. వాడికి రెండు చేతులూ బాగున్నాయి.

మంగళవారం కర్ర పట్టుకుని ఆమె వెనకే బయల్దేరాడు.

ఇద్దరూ రిపేరు షాపులో లేరు. వీధి చివర చెప్పుల షాపు ముందు నిలబడి ఉన్నారు. లోపలికి పోరు. ఏమీ కొనరు. ఆమె వేలెత్తి ఏదో చూపిస్తుంది, వాడు ఫోనెత్తి ఫొటో తీస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. తర్వాత పళ్ల డాక్టరు గుమ్మం. ఆ తర్వాత మూతపడ్డ సైకిల్ షాపు. ఆగి ఉన్న వ్యాను చాటునుంచి అతని కళ్లు వాళ్ల భుజాల మధ్య జాగాను కొలుస్తున్నాయి. అంతకంటే పైకి పోలేదు.

"ఇంకొక్కటే మిగిలింది. అదీ అయిపోతే ఆయనకు చెప్పేస్తాను" అంటోంది ఆమె.

ఇల్లు ఎలా చేరాడో అతనికే తెలీదు. ఆమె వచ్చి చెప్పులు విప్పేలోపే అడిగేశాడు.

"చెప్పేదేదో ఇప్పుడే చెప్పు. వెళ్లిపోతావా?"

"ఎక్కడికి?"

"సైకిల్ షాపు దగ్గర చూశాన్లే మీ ఇద్దర్నీ!"

ఆమె మొహం చిన్నబోయింది. "అయ్యో, అంత దూరం నడిచారా? మొత్తం పూర్తయ్యాక చూపిద్దామనుకున్నాను..."

కర్ర వదిలేసి ఎడమచేత్తో ఆ మిషన్ లాక్కున్నాడు.

తెర మీద ఎవరిదో నవల, చెయ్యి పడిపోకముందు ఆ షాపుల బోర్డులన్నిటి మీదా తను కుంచెతో రాసిన అక్షరాల్లోనే, పొల్లు పోకుండా, పేజీ నిండా ఉంది.