చింతగింజల సీసా

...ఆడుకోవడానికి మళ్ళీ ఒక బడి ఎందుకు? ఇంత పెద్ద సముద్రపొడ్డు ఉంది, కావలసినంత ఇసక ఉంది. ముప్పైనాలుగేళ్లు పాఠాలు చెప్పినవాడి మనవరాలికి నాలుగేళ్లు నిండినా అక్షరం రాయడం రాదంటే ఎవరికి తలవంపులు? దారి పొడవునా ఇదే గొణుక్కుంటూ వచ్చిన జ్ఞానప్రకాశం మాస్టారు అంగన్‌వాడీ గుమ్మంలో ఆగాడు. చంకలో గొడుగు, జుబ్బా జేబులో కుడిచేయి.

లోపల చాపమీద పదిమంది పిల్లలు. ఒకడు బంకమట్టి పిసుకుతున్నాడు. ఇద్దరు అట్టముక్క చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి పీతను చేస్తున్నారు. మనవరాలు మెర్లిన్ నాలుక బయటపెట్టి, చింతగింజల్ని ఒక్కొక్కటే వేళ్లకొసలతో ఏరి సన్నమూతి సీసాలో వేస్తోంది. పలక మాత్రం ఒక్కటీ కనపడలేదు.

"ఏందమ్మా ఎలిశబెతూ, నిన్ను టీచరుగా పెట్టింది ఇందుకేనా?"

ఎలిశబెతు గబుక్కున లేచింది. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. ఇప్పటికీ ఆ గొంతు వింటే అరచేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.

"రాండి సార్, కూచోండి."

"కూచునేదానికి రాలేదు. రేపట్నించి మెర్లిన్‌ని విడవలూరు కాన్వెంటుకు పంపిస్తుండాం. ఈడ పేరు కొట్టెయ్."

మెర్లిన్ చేతిలో గింజ ఆగిపోయింది. "నేను పోను తాతా. సీసా ఇంకా నిండలా."

"ఆడ పలకిస్తారు. రాసేది నేర్పిస్తారు."

"రాసేదానికి తొందరేముంది సార్," అంది ఎలిశబెతు మెల్లగా. "ముందు వేళ్లకి బలం రావాల గదా. మట్టి పిసికి, గింజలేరి, క్లిప్పులు నొక్కితే రేపు పెన్సిలు చేతిలో జారకుండా నిలబడద్ది. వాళ్లకది ఆట. మనకి తెలుసు, చదువని."

"నాకే పాఠం చెప్తుండావా?"

"అయ్యో, మీ బెత్తం దెబ్బలు ఇంకా మర్చిపోలేదు సార్!" అంటూ రిజిస్టరు తెరిచింది. "ఇదిగో, ఇక్కడ. 'మా ఇష్టంతోనే పాపని మానిపిస్తున్నాం' అని రాసి, కింద సంతకం పెట్టండి."

ఆయన ఆ ఖాళీ గడివైపు చూశాడు.

"వాళ్లమ్మ లిల్లీ వచ్చి పెడతాదిలే."

"మీరొచ్చినారు గదా సార్, మళ్ళీ లిల్లీ అక్క ఎందుకు? వేలిముద్ర వేసేవాళ్లే లేకుండా ఊరందరికీ సంతకం నేర్పించినారు మీరు. మీ పుణ్యాన ఈడ ఇంకుప్యాడు కూడా లేదు!"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎడమచేత్తో పైజేబులోంచి పెన్ను లాగాడు. దాంతోపాటు ఎనిమిది మడతల కాగితం ఒకటి కిందపడింది. ఆయన వంగేలోపల మెర్లిన్ దాన్ని తీసి టీచరుకిచ్చేసింది.

ఎలిశబెతు మడతలు విప్పి చదివింది. "రోజూ పావుగంట మట్టి పిసకాలి. చిన్న గింజలు ఏరి సీసాలో వెయ్యాలి. బట్టల క్లిప్పులు నొక్కాలి... ఇది మా టైంటేబులే గదా సార్! ఎవరిచ్చినారు, మా సూపర్వైజరమ్మా?"

"కాదు. నెల్లూరు డాక్టరమ్మ."

ఎలిశబెతు కాగితం పైన రాసిన మాస్టారి పేరు చూసింది. రిజిస్టరు మెల్లగా మూసేసింది.

పిల్లకాయల ఆటలు, అనుకున్నాడు మాస్టారు ఆవేళ ఆ కాగితంతో నెల్లూరు ఆసుపత్రి మెట్లు దిగుతూ. నన్ను, ఈ వయసులో, పిల్లకాయల ఆటలాడమంటారా! ఆవేళ్టి నుంచే ఇంట్లో 'రాయడం రాదు, రాయడం రాదు' అని మెర్లిన్ మీద విసుక్కోవడం మొదలైంది. ఆ మాట తను అంటున్నది ఎవర్నో ఆయనకు ఇప్పుడు తెలిసింది. విచిత్రంగా, తెలిశాక గుండె తేలికపడింది.

మెర్లిన్ చాపమీద జరిగి చోటిచ్చింది. "కూచో తాతా. గింజ కిందపడినా టీచరు తిట్టదులే. మళ్ళీ ఏరుకోవచ్చు."

జ్ఞానప్రకాశం మాస్టారు పెన్ను మళ్ళీ పైజేబులో పెట్టి, గొడుగు గోడకానించి, చాపమీద కూలబడ్డాడు. పక్షవాతం వచ్చిన మూడు నెలల తర్వాత మొదటిసారి, నలుగురి ఎదుట కుడిచేతిని జేబులోంచి బయటికి తీసి ఒక చింతగింజ మీద పెట్టాడు.