రామేశ్వరమ్మ తప్పులు

పుల్లయ్య అయ్యవారికి ఆ రోజు పిల్లలు ఎంత మొద్దులైతే అంత మేలు.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. చేనిగట్టు మీద జరిగిన హత్యను కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే. మర్నాడు కర్నూలు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ముద్దాయి చిన్న ఈరన్నది పక్క ఊళ్ళలో ఏదో ఒకటి. జామీను మీద బయటికొచ్చి, పొద్దుటి నుంచీ అయ్యవారి ఇంటి ఎదుటి అరుగు మీద కాపు కాస్తున్నాడు. ఒళ్ళో తువ్వాలు కప్పిన వేటకొడవలి.

సాయంత్రం బస్సు ఎక్కితే చాలు, అయ్యవారు జనంలో పడతాడు. అందాకా ఇంట్లో పిల్లలుండాలి. ఎంత పగ ఉన్నా ఆ చుట్టుపక్కల ఎవరూ పిల్లల ఎదుట కత్తి ఎత్తరు. ఆయన ధైర్యమల్లా అదే.

అందుకే ఇంగ్లీషు ఇంటిపని చేయిస్తానని హైస్కూలు పిల్లల్ని పిలిచాడు. ఆవు మీద వ్యాసం రాయమన్నాడు. పాఠం చదివించి ప్రశ్నలడిగాడు. వాళ్ళ తెలివి తగలెయ్య, ఎన్నడూ లేంది ఆ రోజే అన్నీ ఒప్పులు రాశారు. ఎండ తగ్గగానే ఆటలకు పోయారు.

పక్క ఊరి నుంచి నడిచొచ్చే రామేశ్వరమ్మ ఒక్కతే మిగిలింది. వ్యాసమంతా తప్పులు. దిద్దిచ్చాడు. మళ్ళీ అవే తప్పులు. మధ్యాహ్నం అదే వ్యాసం పక్కపిల్లకు చక్కగా చెప్పిందే, ఇప్పుడేమైందో ఆయనకు అర్థం కాలేదు. ఆలోచించే స్థితిలోనూ లేడు. జన్మలో మొదటిసారి తప్పులు చూసి సంతోషించాడు.

అంతలోనే సిగ్గేసింది. ఆడపిల్లను అడ్డం పెట్టుకుని బతకాల్సి వచ్చిందే అనుకున్నాడు.

"పొద్దు గూకుతాండాది. ఇంట్లో ఎదురు చూడరామ్మా?" అన్నాడు, పోతుందేమోనని భయపడుతూనే.

"నాకింకా రాలేదయ్యవారూ. వచ్చిందాకా ఈడనే ఉంటా" అంది తలెత్తకుండా.

వీధి చివర బస్సు హారను వినిపించింది. అరుగు మీద నుంచి ఈరన్న లేచాడు.

అయ్యవారు సంచీ అందుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. రామేశ్వరమ్మే పెన్సిలు కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. "బస్సు కాడికి నేనొస్తా, పాండి" అంది.

ఇద్దరూ వీధిలోకి దిగారు. ఈరన్న చెయ్యి తువ్వాలు కిందికి పోయి అక్కడే ఆగిపోయింది. అడుగు ముందుకు పడలేదు. అయ్యవారు బస్సు మెట్టెక్కేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

బస్సు కదిలింది. ఇంతకాలం చదువు చెప్పి, ఎవరి పిల్లవని ఒక్కసారైనా అడగలేదే అనుకుంటూ ఆయన కిటికీలోంచి వెనక్కి చూశాడు.

రామేశ్వరమ్మ తిన్నగా అరుగు దగ్గరికి నడిచి, చిన్న ఈరన్న చేతిలోని వేటకొడవలి మీద తువ్వాలు మళ్ళీ కప్పి, "ఇంటికి పోదాం పా, నాయనా" అంది.